స్ట్రింగ్ నిజంగా ఖాళీయేనా? సరిగ్గా చెక్ చేసే పద్ధతి

ఫారమ్‌లో పేరు తప్పనిసరి అని పెట్టారు. నింపేవారు స్పేస్‌బార్ మూడుసార్లు నొక్కి సబ్మిట్ కొట్టారు. రికార్డు నేరుగా డేటాబేస్‌లోకి వెళ్లిపోయింది. ఇక లిస్టులో పేరు ఉండాల్సిన చోట ఏమీ కనబడదు, ఆ పేరు మీద పెట్టిన లింకు నొక్కడానికి కూడా దొరకదు. కోడ్ తెరిచి చూస్తే చెక్ ఉండనే ఉంది: పొడవు సున్నానా అని అడుగుతోంది. మూడు స్పేస్‌ల పొడవు మూడు కాబట్టి వదిలేసింది. చెక్‌లో బగ్ లేదు, మనం అడిగిన ప్రశ్నే వేరు.

ఈ విషయంలో వచ్చే తప్పులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. ఈ ఫీల్డుకు ఖాళీ అంటే ఏమిటో తేల్చుకోకుండా, చేతికందిన మెథడ్ వాడేస్తాం. కాబట్టి కోడ్ కంటే ముందు ప్రశ్న తేల్చుకోవాలి.

ఖాళీ నాలుగు రకాలు

మొదటిది, విలువే లేకపోవడం. భాషను బట్టి దాన్ని నల్ అనో, నన్ అనో, నిల్ అనో, అన్‌డిఫైన్డ్ అనో అంటాం. రెండోది, స్ట్రింగ్ ఉంది కానీ అందులో ఒక్క క్యారెక్టర్ కూడా లేదు. ఇది ఎంప్టీ. మూడోది, క్యారెక్టర్లు ఉన్నాయి కానీ అన్నీ స్పేస్, ట్యాబ్, న్యూలైన్ లాంటివే. ఇది బ్లాంక్. నాలుగోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు: క్యారెక్టర్లు ఉన్నాయి, భాష దృష్టిలో అవి వైట్‌స్పేస్ కూడా కావు, అయినా తెర మీద ఏమీ కనబడదు.

పేరు, చిరునామా, కామెంట్ లాంటి వాటికి నాలుగూ పనికిరావు. పాస్‌వర్డ్ సంగతి వేరు: మొదటి రెండే ఆపండి, స్పేస్‌లను ముట్టుకోకండి. రిజిస్ట్రేషన్ పేజీలో ట్రిమ్ చేసి (అంటే ముందూ చివరా ఉన్న స్పేస్‌లు కోసేసి), లాగిన్ పేజీలో చేయకపోతే, చివర స్పేస్ పెట్టుకున్న యూజర్ ఇక ఎప్పటికీ లోపలికి రాలేరు. డీలిమిటర్ (విలువలను వేరుచేసే గుర్తు) ఏదో అడిగే సెట్టింగులో ట్యాబ్ అనేది సరైన జవాబు, అక్కడ బ్లాంక్ చెక్ పెడితే సరైన విలువనే తోసిపుచ్చినట్టు. ఎడిటర్‌లోని వెతుకుడు పెట్టెలో రెండు స్పేస్‌లు టైప్ చేసి వెతకడం కూడా మామూలు పనే.

ఏపీఐ రాసేవాళ్లకు ఇంకో తేడా ముఖ్యం. ప్యాచ్ రిక్వెస్టులో (రికార్డులో కొంత భాగమే మార్చమని పంపేది) ఫీల్డ్ అసలు రాకపోతే 'ఉన్నది అలాగే ఉంచు' అని అర్థం. నల్ వస్తే 'తీసెయ్' అని. ఎంప్టీ స్ట్రింగ్ వస్తే ఏం చేయాలో మీరే నిర్ణయించి డాక్యుమెంటేషన్‌లో రాయాలి. ఈ మూడింటినీ ఒకే ఇఫ్‌లో కలిపేస్తే, ఫోన్ నంబర్ మాత్రమే మార్చిన యూజర్ చిరునామా చెరిగిపోతుంది.

పైథాన్

పైథాన్‌లో ఎంప్టీ స్ట్రింగ్ ఫాల్స్ కింద లెక్క, కాబట్టి 'ఇఫ్ నాట్ పేరు' అంటే నన్‌నూ ఎంప్టీనీ రెండింటినీ పట్టుకుంటుంది. బ్లాంక్‌ను పట్టాలంటే 'నాట్ పేరు ఆర్ నాట్ పేరు.స్ట్రిప్()' అని రాయాలి. ఈ వరుసే ఉండాలి: ముందు భాగం నన్‌ను ఆపుతుంది కాబట్టి రెండో భాగంలో స్ట్రిప్ పిలవడం క్షేమం. తిరగేసి రాస్తే నన్ వచ్చిన రోజున ఆట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది.

ఈజ్‌స్పేస్ అనే మెథడ్ పేరు చూసి మోసపోవద్దు. కనీసం ఒక్క క్యారెక్టర్ ఉండి, అన్నీ వైట్‌స్పేస్ అయితేనే అది ట్రూ ఇస్తుంది. ఎంప్టీ స్ట్రింగ్ మీద ఫాల్స్ ఇస్తుంది. దాన్ని ఒంటరిగా వాడితే మూడు స్పేస్‌లను ఆపి, అసలు ఏమీ టైప్ చేయనివాళ్లను లోపలికి పంపిస్తుంది. 'నాట్ పేరు ఆర్ పేరు.ఈజ్‌స్పేస్()' అని జోడిస్తే సరిపోతుంది.

అదే వేరియబుల్‌లో ఒక్కోసారి నంబర్ కూడా వచ్చే అవకాశం ఉంటే 'ఇఫ్ నాట్' వాడకండి, సున్నాను కూడా ఖాళీ అనేస్తుంది. స్టాక్ సున్నా అని నింపినవాళ్లకు 'ఈ ఫీల్డ్ నింపండి' అని ఎర్రర్ రావడం ఇలాగే. పాండాస్ అనే డేటా లైబ్రరీతో సీఎస్‌వీ చదివేటప్పుడు ఖాళీ సెల్ మామూలుగా నాన్ ('నంబర్ కాదు' అనే ప్రత్యేక విలువ, నన్ వేరు) అవుతుంది, స్పేస్‌లున్న సెల్ మాత్రం స్ట్రింగ్‌గానే మిగులుతుంది. పైగా నాన్ అనేది ట్రూ కింద లెక్క. అందుకే అక్కడ ముందు కాలమ్ మొత్తానికి స్ట్రిప్ చేసి, ఎంప్టీ అయినవాటిని నాన్‌గా మార్చి, ఆ తర్వాత ఈజ్‌నా ఒక్కదానితోనే చెక్ చేయడం మంచిది.

జావాస్క్రిప్ట్

ఆశ్చర్యార్థకం పెట్టి చేసే చెక్ ఎంప్టీ, నల్, అన్‌డిఫైన్డ్‌లతో పాటు నంబర్ సున్నానూ నాన్‌నూ కూడా పట్టేస్తుంది. మూడు స్పేస్‌లను మాత్రం వదిలేస్తుంది. ట్రిమ్ చేసి, మూడు ఈక్వల్స్‌తో ఎంప్టీ స్ట్రింగ్‌తో పోల్చండి. నల్ రావచ్చనుకుంటే ట్రిమ్ ముందు ప్రశ్నార్థకం, చుక్క ఉన్న ఆప్షనల్ చైనింగ్ వాడవచ్చు, కానీ అప్పుడు నల్‌కు అన్‌డిఫైన్డ్ వస్తుంది, అది ఎంప్టీ స్ట్రింగ్‌తో సమానం కాదు, కాబట్టి పోల్చడం బదులు ఫలితం ముందు ఆశ్చర్యార్థకం పెట్టండి. అయితే విలువ నంబర్ అయితే దానికి ట్రిమ్ ఉండదు కాబట్టి ఎర్రర్ వస్తుంది. టైప్ స్ట్రింగా కాదా అని ముందే చూసుకోవాలి.

జావాస్క్రిప్ట్‌లో అసలు దెబ్బ నంబర్ ఫీల్డుల దగ్గర తగులుతుంది. స్పేస్‌లు మాత్రమే ఉన్న స్ట్రింగ్‌ను నంబర్ ఫంక్షన్‌కు ఇస్తే సున్నా వస్తుంది, ఎర్రర్ రాదు. ఈజ్‌నాన్‌కు ఇచ్చినా ఫాల్స్ అంటుంది. అంటే ధర పెట్టెలో ఒక స్పేస్ కొట్టి వదిలేస్తే, ఆ వస్తువు ధర నిశ్శబ్దంగా సున్నా అయిపోతుంది. నంబర్‌గా మార్చేముందే బ్లాంక్ చెక్ జరగాలి, తర్వాత చేసి లాభం లేదు. పార్స్‌ఫ్లోట్ అయితే ఇలాంటిచోట నాన్ ఇస్తుంది.

హెచ్‌టీఎంఎల్‌లో రిక్వైర్డ్ పెట్టాం కదా అనుకోవద్దు. టెక్స్ట్ ఇన్‌పుట్‌లో ఒక్క స్పేస్ ఉన్నా రిక్వైర్డ్ తృప్తిపడుతుంది. ప్యాటర్న్ పెట్టి ఆపవచ్చు, కానీ ప్యాటర్న్ ఆట్రిబ్యూట్ టెక్స్ట్‌ఏరియాకు పనిచేయదు, అక్కడ స్క్రిప్టే గతి. ఇవన్నీ యూజర్ సౌకర్యం కోసమే. బ్రౌజర్‌ను దాటేసి నేరుగా రిక్వెస్ట్ పంపడం ఎవరికైనా చేతనవుతుంది కాబట్టి సర్వర్‌లో అదే చెక్ మళ్లీ ఉండి తీరాలి.

జావా, కోట్లిన్, సీషార్ప్

జావాలో ఈజ్‌ఎంప్టీ పొడవు మాత్రమే చూస్తుంది. ఈజ్‌బ్లాంక్ జావా 11తో 2018లో వచ్చింది, బ్లాంక్‌ను కూడా చూస్తుంది. రెండూ నల్ మీద పిలిస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ ఇస్తాయి. నల్ కూడా కలిపి చూడాలంటే అపాచీ కామన్స్‌లోని స్ట్రింగ్‌యుటిల్స్ ఈజ్‌బ్లాంక్ ఉంది. బీన్ వాలిడేషన్‌లో నాట్‌నల్, నాట్‌ఎంప్టీ, నాట్‌బ్లాంక్ అనే మూడు యానొటేషన్లు పైన చెప్పిన మొదటి మూడు రకాలకు సరిగ్గా సరిపోతాయి. పేరు ఫీల్డుకు నాట్‌బ్లాంక్ పెట్టండి. ఎంప్టీ స్ట్రింగ్‌తో రెండు ఈక్వల్స్ పెట్టి పోల్చడం మాత్రం వద్దు. అది చూసేది రెఫరెన్స్‌ను, విలువను కాదు. టెస్టులో పనిచేసినట్టే ఉండి, నెట్‌వర్క్ నుంచి వచ్చిన స్ట్రింగ్ దగ్గర ఫెయిలవుతుంది.

పాత ట్రిమ్‌కు యూనికోడ్ తెలియదు: 32, అంతకంటే తక్కువ కోడ్ ఉన్న క్యారెక్టర్లను కోసేస్తుంది, అంతే. జావా 11లో వచ్చిన స్ట్రిప్ యూనికోడ్ స్పేస్‌లను చూస్తుంది. కానీ జావా నిర్వచనంలో నాన్‌బ్రేకింగ్ స్పేస్ (అక్కడ లైను విరగకుండా ఆపే స్పేస్) వైట్‌స్పేస్ కాదు. ఈ స్పేస్ కోడ్ 160 (ఈ వ్యాసంలో కోడ్ నంబర్లన్నీ డెసిమల్‌లోనే). వెబ్ పేజీల నుంచీ వర్డ్ ఫైళ్ల నుంచీ కాపీ చేసిన టెక్స్టులో ఇది బాగా కనిపిస్తుంటుంది. అది ఒక్కటే ఉన్న స్ట్రింగ్‌ను జావా ఈజ్‌బ్లాంక్ ఖాళీ కాదంటుంది. అదే జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపే యంత్రం) మీద నడిచే కోట్లిన్ ఈజ్‌బ్లాంక్ ఖాళీ అంటుంది. ఒకే ప్రాజెక్టులో రెండు భాషలూ కలిసి ఉంటే ఈ తేడా కోసం గంటలు వెతకాల్సి వస్తుంది. సీషార్ప్‌లో ఈ ఇబ్బంది లేదు: ఈజ్‌నల్‌ఆర్‌వైట్‌స్పేస్ నల్, ఎంప్టీ, బ్లాంక్, 160 అన్నిటినీ ఒక్క పిలుపులో చూసేస్తుంది.

పీహెచ్‌పీ: ఇక్కడ నిదానించాలి

ఎంప్టీ అనే ఫంక్షన్ పేరు చూసి స్ట్రింగ్ చెక్‌కు వాడేస్తారు. అది '0' అనే స్ట్రింగ్‌ను కూడా ఖాళీ అంటుంది. ఇంటి నంబరో, మార్కులో, లిఫ్టు అంతస్తో సున్నా అయినవాళ్లంతా చిక్కుల్లో పడతారు. ట్రిమ్ చేసి మూడు ఈక్వల్స్‌తో ఎంప్టీ స్ట్రింగ్‌తో పోల్చడమే సరైన దారి. పీహెచ్‌పీ 8.1 నుంచి ట్రిమ్‌కు నల్ ఇస్తే డెప్రికేషన్ హెచ్చరిక వస్తుంది కాబట్టి, నల్‌ను రెండు ప్రశ్నార్థకాల ఆపరేటర్‌తో ముందే ఎంప్టీగా మార్చండి.

ట్రిమ్ మామూలుగా స్పేస్, ట్యాబ్, న్యూలైన్, క్యారేజ్ రిటర్న్, వర్టికల్ ట్యాబ్, నల్ బైట్ మాత్రమే తీస్తుంది. 160 పోవడం లేదని దాన్ని కూడా ట్రిమ్ జాబితాలో చేర్చమని సలహా ఇస్తుంటారు. తెలుగు టెక్స్టు విషయంలో ఇది ప్రమాదం. ట్రిమ్ బైట్లతో పనిచేస్తుంది. యూటీఎఫ్-8లో నాన్‌బ్రేకింగ్ స్పేస్ అంటే 194, 160 అనే రెండు బైట్లు. ట్రిమ్ ఆ రెండింటినీ విడివిడిగా కోయాల్సిన బైట్లు అనుకుంటుంది. ఇప్పుడు 'శ్రీకంఠ' అనే పేరు చూడండి. చివరి అక్షరం 'ఠ' యూటీఎఫ్-8లో 224, 176, 160. ట్రిమ్ ఆ చివరి 160ని కోసేస్తుంది. 'ఠ' సగంలో తెగి, స్ట్రింగ్ చెల్లని యూటీఎఫ్-8 అయిపోతుంది. తర్వాత జేసన్ ఎన్‌కోడ్ చేయబోతే ఫాల్స్ వస్తుంది, పేజీ మొత్తం ఖాళీగా వస్తుంది. 'ఠ'తో ముగియని పేర్లన్నీ బాగానే ఉంటాయి కాబట్టి టెస్టుల్లో ఇది బయటపడదు. పీహెచ్‌పీ 8.4లో వచ్చిన ఎంబీ ట్రిమ్ అక్షరాల లెక్కన పనిచేస్తుంది, అది వాడండి. పాత వెర్షన్ అయితే యూ మాడిఫైయర్ పెట్టిన రెగెక్స్ (టెక్స్టులో నమూనాను వెతికే సూత్రం) వాడండి.

మిగతావి

గోలో ట్రిమ్‌స్పేస్ చేసి ఎంప్టీ స్ట్రింగ్‌తో పోల్చాలి, రస్ట్‌లో ట్రిమ్ చేసి ఈజ్‌ఎంప్టీ అడగాలి. రెండూ యూనికోడ్ చూస్తాయి, రెండూ కొత్త కాపీ చేయవు. రూబీ స్ట్రిప్‌కు ఆస్కీ వైట్‌స్పేసే తెలుసు, రైల్స్‌లోని బ్లాంక్ మెథడ్‌కు యూనికోడ్ కూడా తెలుసు. సీలో ఈజ్‌స్పేస్‌కు ఇచ్చేముందు క్యారెక్టర్‌ను అన్‌సైన్డ్ క్యార్‌గా కాస్ట్ చేయడం మరిచిపోకండి. క్యార్ సైన్డ్‌గా ఉండే కంపైలర్లలో తెలుగు అక్షరాల బైట్లన్నీ నెగటివ్ అవుతాయి, నెగటివ్ విలువ ఇస్తే ఏం జరుగుతుందో స్టాండర్డ్ హామీ ఇవ్వదు.

బ్యాష్‌లో మైనస్ జెడ్ (ఖాళీయేనా అని అడిగేది) వాడేటప్పుడు వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ ఉండాలి. ఒకే స్క్వేర్ బ్రాకెట్‌లో మైనస్ ఎన్‌తో (ఖాళీ కాదా అని అడిగేది) కోట్స్ లేకుండా రాస్తే, ఖాళీ వేరియబుల్ మాయమై మైనస్ ఎన్ ఒక్కటే మిగులుతుంది, అప్పుడు జవాబు ఎప్పుడూ ట్రూ. విండోస్‌లో సేవ్ చేసిన ఫైలును లైన్ల వారీగా చదివితే ఖాళీ లైనులో కూడా క్యారేజ్ రిటర్న్ ఒకటి ఉంటుంది, మైనస్ జెడ్ దాన్ని ఖాళీ అనుకోదు. స్పేస్ క్లాస్‌తో వైట్‌స్పేస్ అంతా తీసేసి, మిగిలింది ఎంప్టీనా అని చూడండి.

రెగెక్స్ వాడేటట్టయితే

'మొదటి నుంచి చివరిదాకా అన్నీ వైట్‌స్పేసేనా' అని అడగడం కంటే 'వైట్‌స్పేస్ కాని క్యారెక్టర్ ఒక్కటైనా ఉందా' అని అడగండి. మొదటి అక్షరం దొరకగానే ఆగిపోతుంది, ప్రతి లైనునూ విడిగా మొదలు, చివర అనుకునే మల్టీలైన్ ఫ్లాగ్ ఉన్నా తప్పు జవాబు ఇవ్వదు. మొదటి పద్ధతిలో మల్టీలైన్ ఫ్లాగ్ ఉంటే, మధ్యలో ఒక ఖాళీ లైను ఉన్న పూర్తి వ్యాసాన్ని కూడా ఖాళీ అనేస్తుంది.

రెగెక్స్‌తో చివరి స్పేస్‌లు కోయడం మరీ చెడ్డది. 2016 జూలై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు 34 నిమిషాలు ఆగిపోయింది. కారణం ఇలాంటి ట్రిమ్ రెగెక్సే. ఒక పోస్టులో దాదాపు 20,000 వైట్‌స్పేస్ క్యారెక్టర్లు వరుసగా ఉన్నాయి, వాటి తర్వాత లైను చివర కాకుండా మామూలు క్యారెక్టర్ ఉంది. రెగెక్స్ మొదటి స్పేస్ నుంచి 20,000 దాకా వెళ్లి ఓడిపోయి, రెండో స్పేస్ నుంచి మళ్లీ మొదలుపెట్టి, ఇలా సుమారు 20 కోట్ల పోలికలు చేసింది. భాషలో ట్రిమ్ ఉన్నప్పుడు ఆ పనికి రెగెక్స్ అవసరం లేదు.

కనబడని క్యారెక్టర్లు

నాలుగో రకం సంగతి ఇది. జీరో విడ్త్ స్పేస్ 8203, జీరో విడ్త్ నాన్‌జాయినర్ 8204, జీరో విడ్త్ జాయినర్ 8205, వర్డ్ జాయినర్ 8288. వీటిని యూనికోడ్ వైట్‌స్పేస్‌గా లెక్కించదు, కాబట్టి పైన చెప్పిన మెథడ్‌లేవీ పట్టుకోవు. బైట్ ఆర్డర్ మార్క్ 65279ని జావాస్క్రిప్ట్ ట్రిమ్ తీసేస్తుంది, పైథాన్ స్ట్రిప్ తీయదు. ఖాళీ బ్రెయిలీ గడి 10240 సింబల్ కిందికి, హంగుల్ ఫిల్లర్ 12644 ఏకంగా అక్షరం కిందికి వస్తాయి. కనబడని పేరు పెట్టుకోవాలనుకునేవాళ్లు ఎక్కువగా వాడేది ఈ చివరిదే.

వీటిని ఆపాలంటే, స్ట్రింగ్‌లో కనబడే క్యారెక్టర్ ఒక్కటైనా ఉందా అని చూడాలి. పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్ ప్రతి క్యారెక్టర్ కేటగిరీ చెబుతుంది. స్పేస్, లైన్, పేరాగ్రాఫ్ సెపరేటర్లనూ, కంట్రోల్, ఫార్మాట్ కేటగిరీలనూ లెక్కలోంచి తీసేయండి. 10240, 12644లను విడిగా పేరు పెట్టి తీసేయండి. మిగిలింది ఒక్కటైనా ఉంటే ఖాళీ కాదు. 'అసైన్ కాని' కేటగిరీని మాత్రం ఈ జాబితాలో చేర్చకండి. సర్వర్‌లోని యూనికోడ్ పట్టిక పాతదైతే కొత్త ఎమోజీలు అందులోనే పడతాయి.

ఇక్కడ తెలుగువాళ్లం మరీ జాగ్రత్తగా ఉండాల్సిన మాట ఒకటుంది. చెక్ చేయడం వేరు, కత్తిరించడం వేరు. కనబడని క్యారెక్టర్లు ఉంటే తలనొప్పి అని స్ట్రింగ్‌లోంచి అన్నిటినీ తీసేసి సేవ్ చేసే కోడ్ ఇంగ్లిష్‌కు పనికొస్తుందేమో, తెలుగును పాడుచేస్తుంది. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు 'ట్' తర్వాత 8204 ఉంది కాబట్టే పొల్లు విడిగా నిలబడింది. అది తీసేస్తే 'సాఫ్ట్వేర్' అయి, 'వ' కింద ఒత్తుగా దిగిపోతుంది. కుటుంబం ఎమోజీలోంచి 8205 తీసేస్తే మనుషులు విడివిడిగా రాలిపోతారు. తీసేసిన కాపీతో చెక్ చేయండి, సేవ్ మాత్రం అసలు స్ట్రింగ్‌నే చేయండి. మహా అయితే రెండు చివర్లా ఉన్న స్పేస్‌లు కోయండి, మధ్యలో చేయి పెట్టకండి.

స్ట్రింగ్‌లో నిజంగా ఏముందో చూడాలంటే పైథాన్‌లో ఆస్కీ ఫంక్షన్ వాడండి. రెప్‌ర్ చాలావాటిని చూపిస్తుంది కానీ హంగుల్ ఫిల్లర్‌ను అక్షరం అనుకుని అలాగే ప్రింట్ చేస్తుంది. లినక్స్‌లో ఓడీ మైనస్ సీ, మైఎస్‌క్యూఎల్‌లో హెక్స్, ఒరాకిల్‌లో డంప్ ఆ పని చేస్తాయి.

టెస్టులో ఏమేం ఉండాలి

ఈ చెక్‌ను ఒక్క ఫంక్షన్‌లో రాసి, డేటా లోపలికి వచ్చే చోటే పిలవండి. పది ఫైళ్లలో పది రకాలుగా ఉంటే ఏదో ఒకటి మిగతావాటితో విభేదిస్తుంది. ఆ ఫంక్షన్‌కు ఖాళీ అని రావాల్సినవి: నల్, ఎంప్టీ, ఒక స్పేస్, ట్యాబ్, క్యారేజ్ రిటర్న్‌తో న్యూలైన్, 160, 12288 (చైనీస్, జపనీస్ టెక్స్టులో వాడే వెడల్పు స్పేస్), 8203, 12644. ఖాళీ కాదని రావాల్సినవి: '0', ఒక్క చుక్క, ముందూ వెనకా స్పేస్‌లున్న ఒక్క అక్షరం, 'శ్రీకంఠ', 'సాఫ్ట్‌వేర్'. చివరి రెండూ సేవ్ చేసి తిరిగి చదివినా బైట్ మారకుండా ఉన్నాయో లేదో కూడా చూడండి. 'నల్', 'నన్', 'అన్‌డిఫైన్డ్' అనే మాటలే స్ట్రింగ్‌గా వస్తుంటే వాటిని ఈ ఫంక్షన్‌లో ఆపకండి. ఎక్కడో నల్‌ను బలవంతంగా స్ట్రింగ్‌గా మార్చే కోడ్ ఉంది, దాన్ని పట్టుకుని సరిచేయండి.

డేటాబేస్‌లో

ఒకే క్వెరీ నాలుగు డేటాబేస్‌లలో నాలుగు రకాలుగా పనిచేస్తుంది. ఒరాకిల్‌లో ఎంప్టీ స్ట్రింగ్ అంటే నల్లే. అక్కడ ఎంప్టీతో సమానమా అన్నా, సమానం కాదా అన్నా ఒక్క వరుస కూడా రాదు. ట్రిమ్ చేసి ఈజ్ నల్ అని అడగాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ పోలికలో చివరి స్పేస్‌లను పట్టించుకోదు: మూడు స్పేస్‌లు ఎంప్టీతో సమానం, లెన్ కూడా సున్నా అంటుంది, అసలు పరిమాణం కావాలంటే డేటాలెంత్ వాడాలి. మైఎస్‌క్యూఎల్ పాత కొలేషన్లదీ (స్ట్రింగులను పోల్చే నియమాలు) అదే తీరు, కానీ 8.0 డిఫాల్ట్ కొలేషన్‌లో స్పేస్‌లు లెక్కలోకి వస్తాయి. కొలేషన్ మార్చిన తర్వాత ఖాళీ పేర్లు వెతికే రిపోర్టులో సంఖ్య తగ్గితే, డేటా బాగుపడిందని సంబరపడకుండా ఇది చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో టెక్స్ట్ కాలమ్‌కు ఎంప్టీ వేరు, స్పేస్‌లు వేరు. వీటిలో ట్రిమ్ మామూలుగా తీసేది స్పేస్‌నే, ట్యాబ్, న్యూలైన్ మిగిలిపోతాయి.

ఇప్పటికే చేరిన చెత్తను తీయాలంటే ముందు బ్యాకప్, తర్వాత కౌంట్, ఆ తర్వాతే అప్‌డేట్. బ్లాంక్ వరుసలను నల్‌గా మార్చి, వాటి అసలు విలువలు తెప్పించుకుని నింపి, అప్పుడు కాలమ్‌కు చెక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి: వైట్‌స్పేస్ కాని క్యారెక్టర్ కనీసం ఒక్కటి ఉండాలి. చెక్ కన్‌స్ట్రెయింట్ ఒక్కటే పెడితే నల్ దాటిపోతుంది, ఎందుకంటే నల్ మీద షరతు జవాబు 'తెలియదు', చెక్ ఆపేది 'ఫాల్స్' వచ్చినప్పుడే. పక్కనే నాట్ నల్ కూడా పెట్టండి.